చెరిపేసిన అతుకు

"మళ్ళీ చదువు," అన్నాడు వెంకటపతి.

కోడలు సాయిదుర్గ అప్పటికే రెండుసార్లు చదివింది. ఫోను పైకెత్తి మూడోసారి చదివింది.

"‘మీ కొత్త వెబ్‌సైట్ చూశాను. స్క్రీన్ ప్రింటుకి మారిన సంగతి మీరు నాకు చెప్పలేదు. మా షాపులో చేతి అచ్చు బట్ట తప్ప ఇంకేదీ పెట్టం, అది మీకు తెలుసు. నేను బందరులోనే ఉన్నాను. పదకొండు గంటలకి పెడన వస్తాను. మొదటి పేజీలో ఉన్న తీగ దుప్పటి నా చేతికివ్వండి. చూశాక మాట్లాడుకుందాం. కల్పన.’"

"స్క్రీన్ ప్రింటు," అన్నాడు వెంకటపతి. అన్నట్టు లేదు, ఉమ్మేసినట్టుంది.

ఆ మాట ఆయన ముందు పెడనలో ఎవరూ ఎత్తరు. ఒక్క లాగుతో గజం బట్ట వేసే స్క్రీన్ ఫ్రేములు ఊళ్ళోకి దిగిన ఏడాది సగం షెడ్లలో అచ్చుబల్లలు లేచిపోయాయి. సొంత తమ్ముడు కూడా బల్లలు ఎత్తేశాడు. ఆ తమ్ముడి గృహప్రవేశానికి వెంకటపతి వెళ్ళలేదు. పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పటికీ ఆ వీధిలోంచి నడవడు.

"ఏడేళ్ళుగా మన బట్ట కొంటున్న మనిషి. ఏం చూసి ఆ మాటంది?"

"తెలియదు మావయ్యా."

"తెలియదా? ఆ వెబ్‌సైటు పెట్టించింది నువ్వు. నెల్రోజులు ఫోను చెవికి అంటించుకుని తిరిగింది నువ్వు. ఇప్పుడు తెలియదా?"

గుమ్మం దగ్గర కొడుకు ఆనంద్ బైకు తాళం వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఆవిడ వస్తుందిగా నాన్నా. నేను మాట్లాడతాను. దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

"నిన్నడగలేదు."

తాళం తిరగడం ఆగింది.

ఇంటి వెనక షెడ్డులో తొమ్మిది బల్లలున్నాయి. రోజూ ఈపాటికి అచ్చు మీద అరచేతి దెబ్బ టపటపమంటూ వినబడాలి. ఈ పూట ఒక్క దెబ్బ లేదు. పనివాళ్ళకి సంగతి తెలిసిపోయింది. తొమ్మిదింటిలో అయిదు బల్లలు కల్పన పనిమీదే ఆడతాయి. హైదరాబాదులో ఆవిడ షాపు చిన్నదే. కానీ చేతి అచ్చు కొనే వాళ్ళందరికీ ఆవిడ మాట మీద గురి. వెంకటపతి స్క్రీన్ వేస్తున్నాడని ఆవిడ నోట వచ్చిందంటే, నలభై ఏళ్ళ పేరు ఆ పూటకే పోతుంది.

"ఏదీ, చూపించు," అన్నాడు.

సాయిదుర్గ ఫోను ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు జేబులోంచి తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

మొదటి పేజీ నిండా తీగ దుప్పటి. మెలికలు తిరిగిన తీగ, తీగకి ఆకులు, ఆకుల మధ్య నెమళ్ళు. ఎర్ర రంగు బాగానే పలికింది. వెంకటపతి వేళ్ళతో ఫోటోని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ఈ చివరనుంచి ఆ చివరికి జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు.

ఆయన మొహం నల్లబడటం సాయిదుర్గ చూసింది.

"అతుకులేవి?"

చెక్క అచ్చు జానెడుంటుంది. దుప్పటి గజాల పొడవుంటుంది. ఒక అచ్చు వేసి, దాని పక్కనే ఇంకోటి ఆనించి వేసుకుంటూ పోవాలి. ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా, రెండు అచ్చులు కలిసేచోట వెంట్రుకవాసి తేడా వస్తుంది. గీత ఒకచోట చిక్కబడుతుంది, ఒకచోట నూలుపోగంత ఎడం ఉంటుంది. దాన్నే అతుకంటారు. స్క్రీన్ బట్టకి అతుకుండదు. కొనడం తెలిసినవాళ్ళు ముందు వెతికేది దాన్నే.

అందులోనూ ఇది మామూలు దుప్పటి కాదు. రెండేళ్ళ కిందట చనిపోయిన భార్య భ్రమరాంబ చివరిసారిగా అచ్చేసిన దుప్పటి. భ్రమరాంబది ఎడంచేతి వాటం. దెబ్బ ఎడమపక్క గట్టిగా పడేది. ఆమె అతుకు దగ్గర ఎడమవైపు రంగు కొంచెం ఎక్కువ దిగేది. వంద దుప్పట్లలో కలిపేసినా ఆమెది ఇదీ అని వెంకటపతి తీసి చూపించగలడు. ఆ దుప్పటి ఆయన అమ్మలేదు. ట్రంకుపెట్టెలో పెట్టాడు. ఫోటోకని అడిగితేనే తాళం చెవి ఇచ్చాడు. అది తిరిగి ఆయన చేతికొచ్చింది మొన్ననే.

"మీ అత్త చెయ్యి చెరిపేశారు," అన్నాడు. "ఎవరడిగారు చెరపమని?"

సాయిదుర్గ లోపలికెళ్ళి ఒక నోటుపుస్తకం తెచ్చింది. బళ్ళో పిల్లలు రాసుకునే వంద పేజీల పుస్తకం.

"అందరూ అడిగారు మావయ్యా. వెబ్‌సైటు బయటికి వదిలేముందు పదిమందికీ చూపించి అభిప్రాయాలు తీసుకోవాలని డిజైను చేసినాయన అన్నారు. నేను ఇరవైమూడు మందికి లింకు పంపాను. ఎవరేమన్నారో ఇందులో రాశాను."

"చదువు."

"గుడివాడ పిన్ని, రంగులు మరీ వెలిసినట్టున్నాయి, కాస్త మెరుపు పెట్టండి. మా తమ్ముడు, కొనే బటన్ ఎక్కడుందో కనబడట్లేదు. కాలేజీ మేడమ్, అక్షరాలు చిన్నవి. మా అమ్మ, నీ ఫోటో ఎందుకు పెట్టలేదే..."

"అతుకు సంగతి చదువు."

"బ్యాంకు మేనేజరు గారు, డిజైను అక్కడక్కడ కలవలేదు, డామేజీ పీసులా ఉంది." ఆమె పేజీ తిప్పింది. "అలా ఏడుగురు అన్నారు."

"ఆ ఏడుగురిలో ఎప్పుడైనా అచ్చు పట్టినవాడున్నాడా?"

"లేరు."

"బట్ట కట్టుకోవడం తప్ప బట్ట సంగతి తెలిసినవాడున్నాడా?"

"కొనేది వాళ్ళే కదా నాన్నా," అన్నాడు ఆనంద్. "నువ్వు అతుకంటావు. ఫోనులో చూసేవాడికి అది తప్పు. మొన్న రెండు దుప్పట్లు ఎందుకు తిరిగొచ్చాయి? గీత కలవలేదని. వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి నువ్వు పాఠం చెబుతావా?"

"చెప్పాలి. అందుకే కదా వెబ్‌సైటు. ఇది అతుకు, ఇది మనిషి చెయ్యి అని దాంట్లో రాయాలి. అది రాయడానికి చేతకాక చెరిపేసింది మీ ఆవిడ. గుడివాడలో డిగ్రీ చదివింది మరి. డిగ్రీలో చెరపడమే నేర్పారేమో."

సాయిదుర్గ పెదవి కొరుక్కుంది. మొగుడి వైపు చూసింది. ఆనంద్ తాళం చెవి వైపు చూసుకున్నాడు.

"చెరిపాక ఇంట్లో మళ్ళీ చూపించాను మావయ్యా," అంది మెల్లగా. "మీకూ చూపించాను."

"నాకెప్పుడు చూపించావు?"

ఆమె పుస్తకం తిప్పి ఆయన కళ్ళ ముందు పెట్టింది. తారీఖు వేసి ఉంది. కింద నల్ల సిరాతో గుండ్రటి అక్షరాలు. ‘మావయ్య: ఆ, బాగుందిలే.’

వెంకటపతికి గుర్తొచ్చింది. అన్నం తింటున్నాడు. ఫోను కంచం పక్కకి తెచ్చింది. కళ్ళద్దాలు లేవు. లేచి తెచ్చుకోవడానికి బద్ధకించాడు. ఇదొక గోల అనుకున్నాడు. బాగుందిలే అన్నాడు.

కోపం ఎటూ పోలేదు, ఇంకాస్త పెరిగింది. తన తప్పు కూడా ఉందని తెలిసినప్పుడు మనిషికి ఎదుటివాడి మీద వచ్చే కోపానికి అంతుండదు.

అప్పుడే ఆయన కన్ను కింది వరస మీద పడింది. దాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. కొట్టేసినా అక్షరాలు కనబడుతున్నాయి. ‘రహంతుల్లా మావయ్య: అతుకులేవమ్మా? ఇది మన బట్ట కాదు. మార్చండి.’

"ఇది కొట్టేసిందెవరు?"

సాయిదుర్గ నేల చూసింది.

"నిన్నే. ఇరవైమూడు మంది చెత్తా రాసుకుని, పని తెలిసిన ఒక్కడి మాట కొట్టేస్తావా?"

పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆమె ఎదురు మాట్లాడటం ఆయన వినలేదు. దాన్ని మంచితనం అనుకునేవాడు. ఈ పూట పొగరనిపించింది.

బయట ఆటో ఆగింది. రహంతుల్లా దిగాడు. బందరులో అచ్చులు చెక్కే మనిషి. వెంకటపతి తండ్రికి ఆయన తండ్రి చెక్కేవాడు. చంకలో గుడ్డ చుట్టిన అచ్చు ఉంది. రిపేరుకిచ్చిన నెమలి అచ్చు.

"బావా, ముక్కు సరిచేశాను చూడు," అంటూ లోపలికొచ్చాడు. ముగ్గురి మొహాలూ చూసి ఆగాడు. "ఎవరైనా పోయారా ఏంటి?"

"పోబోతున్నారు," అన్నాడు వెంకటపతి. పుస్తకం చూపించాడు. "ఇది నువ్వన్నావా?"

రహంతుల్లా దూరంగా పట్టుకుని చదివాడు. "నేనే. అమ్మాయి ఫోనులో పంపింది, ఎలా ఉందో చెప్పు మావయ్యా అని. అందరూ బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. నాకది చేతకాదు. ఫోన్ చేసి చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పకుండా ఇంట్లో ఆకైనా కదులుతుందా అనుకున్నాను బావా. నీకు తెలిసే చేశారనుకున్నాను. బాధపడ్డాను కూడా." ఆయన కొట్టేసిన వరస మీద వేలు పెట్టాడు. "మన మాట బాగానే గౌరవించారు. ఎర్ర సిరాతో."

వెంకటపతి కోడలి వైపు తిరిగాడు. "ఆ డిజైను చేసినవాడెవడు?"

"డేవిడ్ రాజు గారని, అవనిగడ్డలో కంప్యూటర్ సెంటరు..."

"కలుపు ఫోను. అందరికీ వినబడేలా పెట్టు."

"నాన్నా, ఆయనెందుకు మధ్యలో?" ఆనంద్ రెండడుగులు ముందుకొచ్చాడు. "టైము పదింబావు. ఆవిడొచ్చేలోపు ఏం చెప్పాలో చూసుకుందాం."

"కలుపమ్మా," అన్నాడు రహంతుల్లా.

నాలుగు రింగులయ్యాక అటునుంచి హుషారైన గొంతు వచ్చింది. "చెప్పండి మేడమ్. సైటుకి మంచి రెస్పాన్సు ఉందా?"

"నేను వెంకటపతిని. మేడమ్ మావయ్యని."

"నమస్కారమండీ."

"మా దుప్పటి ఫోటోలో అతుకులు నువ్వే చెరిపావా?"

"అవునండీ. చాలా కష్టపడ్డానండీ. నూట పన్నెండు చోట్ల. మూడు రోజులు పట్టింది." అతను మెచ్చుకుంటారేమోనని ఆగాడు. ఇక్కడ ఎవరూ మెచ్చుకోలేదు. "ఏమన్నా మిగిలిపోయాయాండీ?"

"ఎవరు చెరపమన్నారు?"

"ఫీడ్‌బ్యాక్‌లో వచ్చిందండీ. మేడమ్ లిస్టు పంపారు. అయితే మేడమ్ చెరపొద్దన్నారండీ. కింద ఒక లైను రాద్దాం, చేతి పనికి గుర్తు ఇది అని రాద్దాం అన్నారు. లైను కూడా రాసి పంపారు. బాగుందండీ ఆ లైను. మర్నాడు ఆనంద్ గారు ఫోన్ చేసి అది తీసేసి చెరిపేయమన్నారు. ఓనరు గారు కదా అని చేశానండీ."

అవనిగడ్డ నుంచి ఇంకా ఏదో వినబడుతోంది. సాయిదుర్గ ఫోను ఆపేసింది.

ఎర్ర కలం ఆనంద్ చొక్కా జేబులో ఉంది. రోజూ ఉంటుంది. షెడ్డులో బట్ట తానులకి గుర్తులు పెట్టే కలం అది. వెంకటపతి ఆ జేబు వైపే చూశాడు.

"గంటసేపటినుంచి దాన్ని తిడుతున్నాను," అన్నాడు. "నువ్వక్కడే నిలబడ్డావు."

"నేను చెబుదామనే..."

"ఎప్పుడు?"

ఆనంద్ ఆ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మీ అమ్మ అతుకు కదరా. నీకు తెలియదా?"

"తెలుసు." ఆనంద్ గొంతు లేచింది. "తెలుసు నాన్నా. అమ్మ అతుకు, అమ్మ దెబ్బ, అమ్మ చెయ్యి. రెండేళ్ళుగా ఇంట్లో వేరే మాట లేదు. బట్ట అమ్మాల్సింది నేను. కొనేవాడు డామేజీ అంటుంటే అమ్మ పేరు చెప్పి అమ్మమంటావా?"

"బావా, ముందు దుప్పటి తియ్యి," అన్నాడు రహంతుల్లా. "ఆవిడ చూస్తానంది దుప్పటి. ఫోటో కాదు. బట్ట మీద అతుకులు ఎవడూ చెరపలేదుగా. చేతికిద్దాం. ఫోటో పాడుచేశాం, బట్ట పాడుచేయలేదని చెబుదాం. తెలిసిన మనిషి, అర్థం చేసుకుంటుంది."

ఆ మాటకి వెంకటపతి ఊపిరి తీసుకున్నాడు. లోపలి గదిలోకి నడిచాడు. మొలతాడుకున్న తాళం చెవితో ట్రంకుపెట్టె తీశాడు. పైన పాత పంచెలు. వాటి కింద భ్రమరాంబ శాలువా. శాలువా కింద న్యూస్‌పేపరు.

పేపరు కింద దుప్పటి లేదు.

గుడ్డపీలికల కట్ట ఉంది. రెండేసి వేళ్ళ వెడల్పున పొడుగాటి పీలికలు, నూలుదారంతో కట్టినవి. ఆయన దారం విప్పాడు. ప్రతి పీలిక నడుమా ఒక అతుకు. ఎడమపక్క రంగు చిక్కగా దిగిన అతుకు.

గుమ్మంలో సాయిదుర్గ నిలబడి ఉంది. వెనక ఆనంద్.

"వెబ్‌సైటులో శాంపిల్ పంపుతామని పెట్టాం," అన్నాడు ఆనంద్. గొంతు ఇప్పుడు దిగిపోయింది. "ఫోటోలో ఉన్న బట్టే కావాలని పదహారు షాపులవాళ్ళు అడిగారు. కాలువ కట్టేశారు, నీళ్ళు లేవు, కొత్తది అచ్చేసినా ఉడకబెట్టి ఉతకడం కుదరదు. మళ్ళీ నీళ్ళు వదిలాక అలాంటిదే వేయించి పెడదామనుకున్నాను."

"అతుకు కనబడకుండా మధ్య ముక్కలు కోసి పంపావు."

"అవును."

"అతుకులు ఇక్కడ పెట్టావు."

"నేను పెట్టలేదు. పారేయమన్నాను."

"నేను దాచాను మావయ్యా," అంది సాయిదుర్గ. "పారేయడానికి చేతులు రాలేదు."

వెంకటపతి ఆమె మొహం వైపు చూడలేకపోయాడు. పీలికలు ఒక్కొక్కటీ మోకాలి మీద సాపు చేశాడు. లెక్కలేనన్ని దెబ్బలు తిన్న బల్లమీద భ్రమరాంబ వంగి నిలబడిన రోజులు గుర్తొచ్చాయి. జ్వరంతో కూడా ఈ తీగ పూర్తిచేసింది. ఒక్క అచ్చు వంకర వేయలేదు.

"నువ్వు బయటికి రాకు," అన్నాడు కొడుకుతో.

బయట కారు హారను మోగింది. ఇంకా పదకొండు కాలేదు. కల్పన ముందే వచ్చింది.

ఆవిడ కూర్చోలేదు. మంచినీళ్ళు వద్దంది. నేరుగా షెడ్డులోకి నడిచి మొదటి బల్ల దగ్గర నిలబడింది. "దుప్పటి ఏదండీ వెంకటపతి గారూ?"

ఆయన పీలికలు బల్లమీద పరిచాడు.

కల్పన వంగి చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుని వెలుగుకి పట్టింది. వేలితో తడిమింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"భ్రమరాంబ గారి చెయ్యి," అంది. "ఎడమ దెబ్బ. నేను కొన్న మొదటి చీర మీద ఇదే ఉంది." పీలిక కింద పెట్టింది. "చేతి అచ్చే. నేను పొరపడ్డాను. కానీ ఇది ఎవరు కోశారు? ఆ ఫోటోలో ఎవరు చెరిపారు?"

బల్లల దగ్గర పనివాళ్ళు కదలడం మానేశారు. రహంతుల్లా అచ్చు చుట్టిన గుడ్డ గట్టిగా పట్టుకున్నాడు. రావద్దన్నా ఆనంద్ వచ్చాడు, తలుపు పక్కన నిలబడ్డాడు.

"నేనేనండీ," అంది సాయిదుర్గ. "నాకు పని తెలియదు. తెలియక చేశాను."

వెంకటపతి తల తిప్పి కొడుకుని చూశాడు. ఒక్క మాట చాలు. ఆ మాట కోసం చూశాడు. ఆనంద్ నేలమీద రంగు మరకలు చూస్తున్నాడు.

కల్పన పీలికలన్నీ ఒక దగ్గరికి జరిపింది. "తెలియక చేశారంటే సరిదిద్దుకోవచ్చు. మీతో పని మానుకోవడం నాకూ ఇష్టం లేదు. ఒక్కటే షరతు. ఈ అమ్మాయి ఇక వెబ్‌సైటు జోలికీ, బట్ట జోలికీ రాకూడదు. అంతా ఆనంద్ గారే చూసుకుంటానంటే నా ఆర్డరు ఉంటుంది."

ఆనంద్ తల ఎత్తాడు.

"తప్పకుండానండీ," అన్నాడు. "నేను చూసుకుంటాను."

వెంకటపతి కళ్ళద్దాలు తీసి బల్లమీద పీలికల పక్కన పెట్టాడు. ఎదురుగా తొమ్మిది బల్లలూ ఉన్నాయి. అయిదు ఆవిడ మాటమీద నిలబడ్డాయి. ఆ మాట ఇప్పుడే ఇచ్చింది. తను నోరు తెరవకుండా ఉంటే చాలు.

"దుర్గా," అన్నాడు. "ఆ నోటుపుస్తకం కల్పన గారికివ్వు. మొదటినుంచి చదవనీ. నేను బాగుందన్నదీ, ఎర్ర సిరాతో కొట్టేసిందీ, అన్నీ."

"నాన్నా, వద్దు," అన్నాడు ఆనంద్.

పుస్తకం సాయిదుర్గ చేతిలోనే ఉంది. ఆమె మావగారి వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. పుస్తకాన్ని గుండెకి ఆనించి పట్టుకుంది.

కల్పన చెయ్యి చాపింది.